తండ్రికి జైలు రాశారు, పని రాయలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి ఆలస్యంగానైనా రాస్తున్నాను. మైనర్ డ్రైవింగ్‌లో పట్టుబడ్డ పిల్లల తండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారనీ, మళ్ళీ బండి ఇస్తే జైలుకేననీ హెచ్చరించారనీ రాశారు. ఫొటో కూడా వేశారు. ముందు వరుసలో అధికారులు, వెనక తలలు దించుకున్న తండ్రులు. పిల్లలు మాత్రం ఫొటోలో లేరు. ట్యూషన్‌కు పోయి ఉంటారు. దేనిమీద పోయారో నన్నడగొద్దు.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ణి. పద్దెనిమిది నిండని పిల్లల చేతికి బండి ఇవ్వకూడదన్న మాట మీద నాకు పేచీ లేదు. నా కోపమంతా, తండ్రిని స్టేషన్లో నిలబెట్టి ఫొటో తీస్తే పని అయిపోయిందనుకోవడం మీద. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ నేరం చేస్తే తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. బాగానే రాశారు. అంతా జరిగిపోయాక తండ్రిని ఏం చేయాలో ఇంత వివరంగా రాసినవాళ్ళు, జరగకముందు ఆ తండ్రి ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు.

ఒక్కటి రాశారులెండి. పదహారేళ్ళ పిల్లవాడు గేర్లు లేని 50 సీసీ బండికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లెర్నర్ లైసెన్సు) తీసుకోవాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అయ్యా, ఆ 50 సీసీ బండి ఏ షోరూంలో ఉంది? లూనాలు, టీవీఎస్ ఫిఫ్టీలు పోయి ఎంతకాలమైంది! ఇప్పుడు మా ఊళ్ళల్లో గడ్డిమోపులు మోసే ఎక్సెల్ కూడా వంద సీసీదే. చట్టంలో ఉన్న బండి బజారులో లేదు, బజారులో ఉన్న బండి చట్టంలో లేదు. పదిలో మార్కులు బాగా వస్తే బండి కొనిస్తానని తండ్రి మాటిస్తాడు, అబ్బాయి తెచ్చుకుంటాడు, షోరూమువాడు తండ్రి పేరున బిల్లు రాసి తాళాలు అబ్బాయి చేతిలో పెట్టి ఫొటో తీస్తాడు. ఆ ఫొటో మీద ఎవరూ కేసు పెట్టరు.

ఇక పద్దెనిమిది నిండినవాడి సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకు టెస్టుకు స్లాటు బుక్ చేసుకోవచ్చు. ఆ 30 రోజుల్లో వాడు బండి ముట్టాడా లేదా అని అడిగే నాథుడు లేడు. తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ముందూ వెనకా ఉండాలి, నేర్పేవాడు తప్ప ఇంకొకరు బండెక్కకూడదు అని రూల్సులో ఉంది. మా హనుమకొండలో ఏ జూనియర్ కాలేజీ ముందైనా సాయంత్రం నిలబడి చూడండి, ఒక్కో బండి మీద ముగ్గురు. వాళ్ళల్లో నేర్పేవాడెవడో నాకైతే అర్థం కాలేదు. టెస్టు రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు బండితో 8 అంకెలా తిరిగి ఒక ‘ఎయిట్’ వేస్తే చాలు. ఏజెంటుతో వెళితే ఆ ఎయిట్ కాస్త సున్నాలా ఉన్నా సర్దుకుపోతుందని జనం అంటారు. ఇరవై తొమ్మిది గంటల కోర్సుతో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు వస్తాయని 2021లో కేంద్రం రూల్సు తెచ్చింది. మా వైపు అలాంటిది ఒక్కటి ఎక్కడుందో రవాణా శాఖవారు చెబితే మా తమ్ముడి మనవణ్ణి రేపే చేర్పిస్తాను.

మా పెద్దమ్మాయి కుటుంబం మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు మనవరాలు కారు నేర్చుకుంటోంది. పదహారేళ్ళకు లెర్నర్ ఇస్తారు, పసుపు పలక మీద నల్ల ‘ఎల్’. కానీ ఏడాది దాటితే గానీ, 120 గంటలు పక్కన లైసెన్సున్న పెద్దవాళ్ళు కూర్చోగా నడిపితే గానీ టెస్టు లేదు. అందులో 20 గంటలు రాత్రిపూట. ప్రతిసారీ ఎప్పుడు, ఏ రోడ్డున, ఎంతసేపు నడిపిందో నమోదు చేయాలి. మా అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా పక్క సీట్లో కూర్చునేవాడు. వాన పడితే “ఇవ్వాళ మంచిరోజు” అని బయలుదేరదీసేవాడు. వెనక సీట్లో నేనుండి నోరు ఊరుకోక “బ్రేకమ్మా, బ్రేకు” అంటుంటే, “తాతా, నువ్వు మాట్లాడితే దిగి నడిచి రా” అంది ఆ పిల్ల. పాసైనా పూర్తి లైసెన్సు చేతికి రాదు. పద్దెనిమిది నిండాక మొదటి ఏడాది ప్రొబేషన్ లైసెన్సు, బండికి ఎర్ర ‘పీ’ పలక, తర్వాత మూడేళ్ళు ఆకుపచ్చ ‘పీ’. ఎర్ర పీ ఉన్నన్నాళ్ళు తన ఈడు స్నేహితుల్లో ఒక్కరినే ఎక్కించుకోవాలి. మందు చుక్క ఉండకూడదు, ఫోను ముట్టకూడదు. అక్కడ తండ్రికి జైలు భయం కన్నా ముందు చేతినిండా పని ఉంది.

ఇదేదో తెల్లవాళ్ళ గొప్ప అని అనకండి. మన చట్టానికి అంచెలంచెల పద్ధతి తెలియక కాదు. చిన్న బండి లైసెన్సు వచ్చి ఏడాది గడిస్తే గానీ ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. ఆర్టీసీలో లైసెన్సుంటే సరిపోదు, శిక్షణ, ఆ తర్వాత సీనియరు పక్కన రూటు నేర్చుకోవడం, అప్పుడుగానీ బస్సు చేతికి రాదు. ప్రయాణికుల ప్రాణాలకు ఉన్న ఈ జాగ్రత్త మన సొంత పిల్లల ప్రాణాలకు ఎందుకు లేదు? 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. ఇది కేంద్ర ప్రభుత్వం అచ్చేసిన లెక్కే.

ఇక్కడా అలా నమోదు చేయమంటే మనవాళ్ళు 120 గంటలూ ఒక్క రాత్రి కూర్చుని రాసేస్తారని మీరంటారు, ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులు రాసినట్టు. రాస్తారు, తెలుసు. రాయనివ్వండి. అబద్ధం రాసి సంతకం పెట్టిన తండ్రి మీద అప్పుడు పెట్టండి కేసు. ఆ కేసుకు ఒక అర్థం ఉంటుంది. ఇప్పుడు స్టేషన్‌కు వచ్చిన తండ్రిని అడిగితే ఏమంటాడు? “మా పోరడు ఏడో తరగతిల్నే నడిపిండు సార్, మస్తు కంట్రోలుంది” అంటాడు. గర్వంగానే అంటాడు. వాడి దృష్టిలో నేర్పడం అంటే తాళం ఇవ్వడమే.

భయం పెట్టడమూ సరిగ్గా రాదు మనకు. 2022లో మన తెలంగాణలో పెండింగు ట్రాఫిక్ చలాన్లకు రాయితీ ఇచ్చారు, టూవీలర్లకు 75 శాతం. 2023 డిసెంబరులో మళ్ళీ ఇచ్చారు, ఈసారి 80. సంక్రాంతికి బట్టల షాపులవాళ్ళు కూడా అంత తగ్గించరు. మూడోసారి ఎప్పుడా అని కట్టకుండా కూర్చున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. పుణెలో 2024 మే నెలలో పదిహేడేళ్ళ కుర్రాడు రిజిస్ట్రేషన్ కూడా లేని పోర్షే కారుతో ఇద్దరు ఇంజినీర్లను చంపితే మొదట ఏం చేశారు? రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమన్నారు. దేశమంతా తిట్టాక గానీ కేసు కదల్లేదు. రక్తం నమూనాలే మార్చేశారన్న ఆరోపణ మీద అరెస్టులు కూడా అయ్యాయి. పాలు పోయడానికి ఎక్సెల్ మీద పోయి దొరికిన పిల్లవాడికి అలాంటి వ్యాసం అవకాశం వస్తుందా అని నా అనుమానం.

ఇంకొకటి కూడా అడగాలి, ఆర్టీసీ ఉప్పు తిన్నవాణ్ణి గనక. ఈ పిల్లలు బండ్లెందుకు ఎక్కుతున్నారు? అందరూ షోకు కోసం ఎక్కడం లేదు. కాలేజీ వేళకు ఊరికి బస్సు లేదు. ఉన్న బస్సులో ఎక్కడానికి చోటు లేదు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం పెట్టినందుకు నేను సంతోషించాను, కానీ జనం పెరిగినన్ని బస్సులు పెరగలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కొడుకును చూసి భయపడి బండి కొనిచ్చిన తండ్రులు నాకు తెలుసు. ఆ కౌన్సెలింగ్‌కు డిపో మేనేజరును కూడా పిలిచి ఉండాల్సింది.

రవాణా శాఖవారు కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆర్నెల్లు చెల్లుతుంది కదా, ఆ ఆర్నెల్లకు నడిపిన గంటలు రాసుకునే ఒక లాగ్ పుస్తకం అచ్చేసి ప్రతి లెర్నరు ఇంటికీ ఇవ్వండి. స్లాటు రోజున తల్లో తండ్రో పక్కన రావాలని చెప్పండి, ఆ పుస్తకంలో నుంచి నాలుగు ప్రశ్నలు వాళ్ళనే అడగండి. ఎల్ పలక లేని బండిని ఆపండి. కేంద్రానికి రాసి, మొదటి ఏడాది లైసెన్సు మీద రాత్రి పదకొండు తర్వాత తిరగకూడదనీ, వెనక ఒక్కరే ఎక్కాలనీ షరతు పెట్టించండి. దానికి ఏ నాయకుడి పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి గారి ఫొటో కూడా వేసుకోండి, లోపల గీతలు మాత్రం తండ్రి రాయడానికి ఖాళీగా వదలండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
హనుమకొండ