అల్లాయ్ చక్రాలకు మెరుపు కాదు, ఉప్పుగాలికి ఆగే పూత కావాలి

సంపాదకులకు నమస్కారం.

పాత అల్లాయ్ చక్రాలకు కొత్త పూత వేయించేవాళ్లు దుకాణంలో ముందుగా అడిగేది ఏది ఎక్కువ మెరుస్తుందని. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న శ్రీకాకుళం జిల్లాలో ముందు అడగాల్సింది వేరే ఉంది. ఏ పూత కిందికి ఉప్పు తేమ త్వరగా దిగదు? ఈ లెక్కన చూస్తే మనకు సరిపడేది రంగు పౌడర్ కోటింగ్ (పొడిని చల్లి ఓవెన్‌లో కరిగించి గట్టిపరిచే పూత), దాని మీద పారదర్శక పౌడర్ మరో పొర.

కొత్త కార్లకు వస్తున్న రెండు రంగుల చక్రాల ముఖాన్ని లేత్ మీద చెక్కుతారు. దాన్నే డైమండ్ కట్ అంటారు. చెక్కిన చోట రంగు ఉండదు, పల్చని లక్కర్ (పారదర్శక వార్నిష్) ఒక్కటే రక్ష. పదునైన అంచుల దగ్గర ఆ లక్కర్ నిలవక ఇంకా పల్చబడుతుంది. హైవే మీద ఒక కంకర రాయి తగిలి గాటు పడితే చాలు, ఉప్పు తేమ దిగి లక్కర్ కింద తుప్పు తెల్లటి దారాల్లా పాకుతుంది. పైన ఎంత పాలిష్ పట్టినా అది పోదు. లక్కర్ మొత్తం తీసి మళ్లీ చెక్కాల్సిందే, చెక్కిన ప్రతిసారీ లోహం తరిగిపోతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి ఊళ్లలో రోజూ తిరిగే కారుకు దీన్ని మళ్లీ చేయించడం డబ్బు దండగ. పూత లేకుండా వట్టి పాలిష్‌తో వదిలేసినా అంతే, కొద్ది వారాల్లోనే మసకబారుతుంది. క్రోమ్ సంగతి మరీ కష్టం. సూదిమొనంత రంధ్రం పడినా కింద ఉన్న అల్యూమినియమే ముందు తినేసుకుపోయి, పైపొర రేకులుగా లేచిపోతుంది.

పౌడర్ మంచిదే గానీ, చేసే తీరు సరిగా లేకపోతే చక్రమే పాడవుతుంది. ఇనుప గేట్లకు, బీరువాలకు పెట్టుకున్న యాసిడ్ తొట్లలో చక్రాన్ని ముంచనివ్వకండి. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని నేరుగా తినేస్తుంది. పాత రంగును అల్యూమినియానికి పనికొచ్చే పెయింట్ రిమూవర్‌తో తీసి, సన్నని గాజుపూసలతో గానీ అల్యూమినియం ఆక్సైడ్‌తో గానీ బ్లాస్టింగ్ చేయాలి, అంటే వాటిని గాలి ఒత్తిడితో కొట్టి పైభాగాన్ని శుభ్రం చేయాలి. ఇనుప గుళ్లు వాడితే ఇనుప రవ్వలు లోహంలో నాటుకుపోయి, తర్వాత తుప్పు అక్కడే మొదలవుతుంది. బ్లాస్టింగ్ అయిన చక్రాన్ని వట్టి చేతులతో తాకకూడదు, చెమటలోనూ ఉప్పే కదా. పూత గట్టిగా పట్టేందుకు క్రోమేట్ లేదా జిర్కోనియం ద్రావణం పట్టించి, ఆరాక అదే రోజు పౌడర్ వేయాలి. పగుళ్లు వెతకాల్సింది కూడా లోహం బయటపడిన ఈ దశలోనే. పగులు కనబడితే ఆ చక్రాన్ని పక్కన పెట్టేయండి, వెల్డింగ్ చేయించి మళ్లీ రోడ్డెక్కించవద్దు.

పోత చక్రంలో సన్నని గాలి రంధ్రాలుంటాయి. పౌడర్ కరిగే వేళకు ఆ గాలి పైకి తన్ని పూతలో సూది రంధ్రాలు పడతాయి. అందుకే 180 డిగ్రీల వేడికి గట్టిపడే పౌడర్ అయితే వట్టి చక్రాన్ని ముందుగా 200 దగ్గర కాసేపు కాచి, చల్లార్చి, ఆ తర్వాత పౌడర్ చల్లాలి. అంతకు మించి వేడి పెంచకూడదు. ఈ చక్రాల్లో చాలావరకు ఏ356 అనే అల్యూమినియం, సిలికాన్, మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి. వాటి బలం కర్మాగారంలో చేసిన వేడి ప్రక్రియ వల్ల వచ్చింది. ఎక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితే ఆ బలం తగ్గిపోతుంది. పైకి ఏమీ తెలియదు, గుంతలో పడినప్పుడు బయటపడుతుంది. తళతళలాడే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి చక్రానికి థర్మోకపుల్ (లోహానికి ఆనించి వేడి కొలిచే తీగ) తగిలించి చూడాలి.

గేటు ఊచ వేడెక్కినంత త్వరగా చక్రం వేడెక్కదు. పౌడర్ డబ్బా మీద రాసిన నిమిషాలను లోహం ఆ వేడికి చేరాకే లెక్కపెట్టాలి. తొందరపడి తీస్తే పూత చూపులకు బాగానే ఉంటుంది, రాయి తగిలితే ఊడుతుంది. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో లోపలి వైపు 50 సార్లు రుద్ది చూడండి. రంగు గుడ్డకు బాగా అంటితే అది పచ్చిగా ఉన్నట్టే. ఒక్కో పొర 60 నుంచి 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే చాలు. పై పొర పాలిస్టర్‌దో అక్రిలిక్‌దో కావాలి. ఎపాక్సీ ఒక్కటే వేస్తే ఎండకు సుద్దలా రాలుతుంది. గీతలు పూడ్చడానికి బాడీ పుట్టీ వాడితే ఓవెన్‌లో పొంగుతుంది.

ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం నట్లు కూర్చునే చోటు. అక్కడ, హబ్‌కు ఆనే ముఖం మీద, మధ్య రంధ్రంలో పూత పడకూడదు. నట్టు కింద పూత నలిగితే బిగువు సడలి చక్రం వదులవుతుంది. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, కారు మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకు మళ్లీ సరిచూడాలి. బాలెన్సింగ్‌కు సుత్తితో కొట్టే బరువులు వద్దు, అంచు పూత అక్కడే పగులుతుంది. లోపలి వైపు అంటించేవి పెట్టమనండి.

ఓవెన్ అందుబాటులో లేకపోతే ఎపాక్సీ ప్రైమర్, రంగు, గట్టిపరిచే ద్రవం కలిపే టూ కే క్లియర్ వేయించుకోవచ్చు. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది కాబట్టి రంగు కొట్టే కుర్రాడికి తగిన మాస్కు ఉండాలి, గుడ్డ కట్టుకుంటే సరిపోదు. మామూలు డబ్బా స్ప్రేతో కొట్టిన రంగు పెట్రోలు తగిలితే మెత్తబడుతుంది. రంగుల్లో ముదురు బూడిద రంగు బ్రేకు దుమ్మును బాగా దాస్తుంది.

జిల్లాలోని దుకాణాలవారికి ఒక విన్నపం. ఏ రకం పౌడర్ వేశారు, లోహం ఎంత వేడికి చేరింది, ఎన్ని నిమిషాలు ఉంచారు, ఆ చక్రం ఓవెన్‌లోకి వెళ్లడం ఎన్నోసారి అన్నవి బిల్లు మీద రాసివ్వండి. మళ్లీ పూత వేయాల్సి వచ్చినప్పుడు తర్వాతి పనివారికి ఆ వివరాలు కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా