ఈ ఎండల్లో సీమ చూడ్డానికి వస్తావా, సరే రా

ఒరేయ్ సూరీ,

నీ మెసేజ్ చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, చివరికి వీడు ఎటూ మాట వినే రకం కాదులే అని ఈ ఉత్తరం మొదలుపెట్టా. మే నెలాఖర్లో, అమ్మనీ చెల్లెమ్మనీ పిల్లలిద్దర్నీ కార్లో వేసుకుని బెంగళూరు నుంచి లేపాక్షి, గండికోట, బెలుం గుహలు, యాగంటి, మహానంది చుట్టేసి వెళ్తానంటావు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ రోళ్ళు ఎక్కడివో కాదు, మా నంద్యాలవే. సరే, పిల్లలకు సెలవులు అప్పుడే, నీకు లీవు దొరికిందీ అప్పుడే, రావద్దని నేననను. కానీ పొద్దున తొమ్మిదికి తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరడం, మధ్యాహ్నం ఒంటిగంటకు గండికోట చూడటం అని ఒక ప్లాను పంపావు చూడు, దాన్ని మాత్రం చింపి అవతల పారెయ్.

మా ఊళ్ళల్లో ఎండాకాలం ఎవరైనా ఎలా బతుకుతారో చూశావు కదా చిన్నప్పుడు. తెల్లారుజామున పనులన్నీ, పదిన్నర తర్వాత తలుపులు మూత, మళ్ళీ సాయంత్రం ఐదుకి ఊరు లేస్తుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళు మాత్రం సరిగ్గా ఊరంతా పడుకున్న వేళ గుళ్ళ చుట్టూ తిరుగుతుంటారు, ముఖాలు ఎర్రగా కమిలిపోయి, చేతిలో వేడెక్కిన నీళ్ళ సీసా పట్టుకుని. నువ్వు అలా తిరగొద్దు. ఏ చోటుకి ఏ వేళకి వెళ్ళాలో కుదుర్చుకున్నావంటే సగం టెన్షన్ పోయినట్టే.

మొదటిరోజు ఐదుకల్లా బెంగళూరు దాటెయ్. టిఫిన్ డబ్బాలో కట్టించుకో. ఏడున్నరకి లేపాక్షిలో ఉంటావు. వీరభద్రస్వామి గుడి బయటి ప్రాకారంలో బండలు పదయ్యేసరికి కాలు మోపనివ్వవు, అందుకని నాగలింగం, కప్పులేని కళ్యాణ మండపం ముందే చూసెయ్. తర్వాత నాట్య మండపంలోకి వచ్చేస్తే ఇక తొందర లేదు. లోపల నేల చల్లగా ఉంటుంది, పైకప్పు నిండా విజయనగరం కాలం నాటి బొమ్మలు. మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూడకు, గోడ పక్కన ఖాళీ చూసుకుని కాసేపు కూర్చుని చూడు. ఆ చీరల అంచులు, ఆ కొప్పులు ఒక్కొక్కటీ వేరు, చెల్లెమ్మ అక్కడే ఉండిపోతుంది చూస్తుండు. పిల్లలు ఎలాగూ వేలాడే స్తంభం కింద గుడ్డ తోసి ఇటు నుంచి అటు లాగుతుంటారు. ఇంకోటి, అందరికీ నూలు సాక్సులు రెండో జత పెట్టుకో, బయటి బండల మీద నడవడానికి. పెద్ద బసవన్న ఉండేది గుడికి కాస్త దూరంలో, అక్కడ నీడ లేదు, కాబట్టి దాన్ని గుడికన్నా ముందే చూసుకో.

పదిన్నరకి అక్కణ్ణుంచి కదిలితే మండుటెండ మొత్తం కార్లో గడిచిపోతుంది. గండికోటకి నాలుగు గంటల పైనే. దార్లో తాడిపత్రి గుళ్ళు చూడాలని ఆశ పుడుతుంది, ఆ శిల్పం అలాంటిది మరి, కానీ ఆ వేళకి వద్దు. ఇంకోసారి చలికాలంలో రా, నేనే చూపిస్తా.

ఇప్పుడు గండికోట సంగతి. అందరూ సూర్యాస్తమయం అంటారు. ఎండాకాలంలో అది శుద్ధ దండగ. ఆ లోయ అంచు మొత్తం బండరాళ్ళు, పొద్దున్నించీ తాగిన వేడిని రాత్రి ఎనిమిదైనా కక్కుతూనే ఉంటాయి. కూర్చుంటే పెనం మీద అట్టు కాలినట్టే. అదే తెల్లారుజామున అయితే రాత్రంతా చల్లారి ఉంటాయి, పెన్నా వైపు నుంచి గాలి వస్తుంది, జనం కూడా తక్కువ. ఐదున్నరకల్లా అక్కడుంటే ఏడు దాకా హాయిగా చూడొచ్చు. సాయంత్రం మాత్రం కోట లోపలికి వెళ్ళు, జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం. ఆ ధాన్యాగారంలోకి అడుగుపెడితే తేడా నీకే తెలుస్తుంది, అంత మందం గోడలు, పైన కమాను కప్పు. టెంట్లు వేసుకుని పడుకుందామని పిల్లలు గొడవ చేస్తారు. పొద్దు పొడిచిన అరగంటకే ఆ టెంట్లో ఉండలేరు, ముందే చెప్పు.

రూము బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా అని అందరూ అడుగుతారు, నువ్వు జనరేటర్ ఉందా అని అడుగు, ఉంటే దాని మీద ఏసీ నడుస్తుందా లేక ఫ్యానూ లైటేనా అని కూడా అడుగు. ఈ రెండో ప్రశ్నకి జవాబు రావడానికి కాస్త టైం పడుతుంది, ఓపిక పట్టు. గాలిదుమారం వచ్చిందంటే మాకు ముందు పోయేది కరెంటే.

రెండోరోజు బెలుం. గుహలు కదా, లోపల చల్లగా ఉంటుందని నువ్వు దాన్ని మధ్యాహ్నానికి పెట్టావు. నిజమే, బయట ఎండతో పోలిస్తే వేడి తక్కువే, కానీ లోపల ఉక్క రా బాబూ. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మా సీమ ఎండ పొడి ఎండ. చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. అందుకే ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలీదు, దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కానీ దానివల్లే ఇక్కడ తడి తువ్వాలు పనిచేస్తుంది, మట్టికుండ పనిచేస్తుంది, గడ్డి కూలర్ పనిచేస్తుంది. నీరు ఆవిరైతేనే కదా చల్లదనం. విజయవాడలో మీ మావయ్య కూలర్ ఎందుకు దండగైందో ఇప్పుడర్థమైందా? అక్కడ గాల్లోనే తడి. బెలుం లోపల కూడా అదే కథ. గుహ పొడవు 3,229 మీటర్లు, మనం తిరిగేది అందులో సగం కూడా ఉండదు, గాలి ఆడటానికి పైనుంచి గొట్టాలు దించారు. అయినా మెట్లెక్కి దిగేసరికి చొక్కా పిండుకోవాల్సిందే. కాబట్టి తెరవగానే పొద్దున్నే వెళ్ళు, తలా ఒక నీళ్ళ సీసా ఉండాలి. పాతాళగంగ దగ్గర అది భూమట్టానికి 150 అడుగుల లోతు, అక్కడిదాకా అమ్మని దింపకు, కోటిలింగాల దగ్గర్నించి వెనక్కి తీసుకొచ్చెయ్. ఆవిడ ఊరుకోదని తెలుసు, నా పేరు చెప్పు.

అమ్మ గురించి ఇంకో మాట. బీపీకి వేసుకునే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు ఎక్కువ బయటికి పంపేవి ఉంటాయి. ఈ ఎండల్లో అవి ఎలా వాడాలో బయల్దేరే ముందు డాక్టర్ని అడుగు, నువ్వే మానిపించెయ్యకు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ పది పెట్టుకో, లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో ఒంపేసి తాగించడం కాదు. దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు. తలనొప్పి, వాంతి, కాళ్ళు లాగడం, ఇవి మొదలైతే నీడకి చేర్చి తడిగుడ్డ వేసి మెల్లగా తాగించు, ఆ పూటకి తిరుగుడు బంద్. కానీ మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చెయ్, వాళ్ళు వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసురుతూ ఉండు, స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఒకసారి చదివి పెట్టుకో.

ముందురోజు సాయంత్రం రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళ హెచ్చరిక చూసుకో, రేపు ఏ మండలంలో వడగాలులో పేర్లతో సహా ఇస్తారు. గండికోట ఉండే జమ్మలమడుగు, బెలుం ఉండే కొలిమిగుండ్ల, యాగంటి ఉండే బనగానపల్లె అందులో ఉన్నాయేమో చూడు. టీవీలో ఊరికే 44, 45 అని అరుస్తుంటారు గానీ, వాతావరణ శాఖ లెక్క వేరే. మైదానంలో 40 దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటారు, 45 తాకితే ఇక మామూలుతో పోల్చే పనే లేదు.

బెలుం అయ్యాక తిన్నగా మా ఇంటికి రండి. భోజనం పెరుగన్నం, ఉల్లిపాయ, మామిడికాయ పప్పు, అంతే, నాటుకోడి సంగటి రాత్రికి. కోపం తెచ్చుకోకు, మధ్యాహ్నం మసాలా తిని ఎండలో తిరిగితే ఏమవుతుందో నీ కడుపే చెబుతుంది. తిని నాలుగున్నర దాకా అందరూ పడుకోవాలి, నీ లాప్‌టాప్ కూడా. తర్వాత యాగంటి. కొండలోంచి వచ్చే నీళ్ళు నంది నోట్లోంచి కోనేట్లో పడుతుంటాయి, ఎండాకాలంలోనూ ఆగవు. పైన గుహల మెట్లు నిటారుగా ఉంటాయి, పొద్దు వాలాక ఎక్కు. వచ్చే దారి బనగానపల్లె మీదుగానే కాబట్టి మామిడిపండ్లు అక్కడే కొందాం, బెంగళూరులో ఆ పేరు పెట్టి ఏం అమ్ముతారో నాకు తెలుసు.

మూడోరోజు మహానంది ఒక్కటే. పొద్దున ఆరుకే కోనేట్లో దిగు. నల్లమల అడుగున ఊరే నీళ్ళు, అడుగున రూపాయి బిళ్ళ పడేస్తే కనబడేంత తేట. పిల్లలు బయటికి రారు, రానివ్వకు కూడా. దర్శనం అయ్యాక తొమ్మిదికల్లా బెంగళూరు దారి పట్టొచ్చు.

తాగే వాటిలో కూల్‌డ్రింకులు పక్కన పెట్టి నన్నారి తాగించు అందరికీ. నంద్యాల బస్టాండు దగ్గర బండి మీద చూడు, గాజు గ్లాసులో రెండు వేళ్ళ మందం నల్లటి పాకం పోస్తాడు, అర నిమ్మచెక్క పిండుతాడు, నానబెట్టిన సబ్జాలు ఒక గరిటె, ఆపైన గోలీసోడా టప్పున కొట్టి పోస్తే నురగ గ్లాసు దాటి వేళ్ళ మీదికి కారుతుంది. "ఏమన్నా, ఐసు ఎయ్యాల్నా?" అంటాడు. వద్దను. ఆ ఐసుగడ్డ ఏ నీళ్ళదో వాడికీ తెలీదు. సోడా చల్లగానే ఉంటుంది, చాలు. ఆ సుగంధి వేరు వాసన పిల్లలకి మొదట మందులా అనిపించొచ్చు, రెండో గుటకకి అలవాటవుతుంది.

కారు ఎండలో ఆపాల్సి వస్తే పిల్లల్ని "ఒక్క నిమిషం" అని లోపల ఉంచి వెళ్ళకు, పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది. సీటుబెల్టు బకిల్ మీద గుడ్డ కప్పు. ఫోను డాష్‌బోర్డు మీద పెట్టి మ్యాప్ చూశావంటే అది వేడెక్కి ఆగిపోయేది సరిగ్గా దారి చీలిన చోటే. టైర్ల గాలి తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడే చూపించు.

బట్టలు పొడుగు చేతుల వదులు నూలు చొక్కాలు. ఇక గొడుగు. నువ్వు గొడుగు పట్టవు, తెలుసు, కాలేజీలో వర్షానికి కూడా పట్టలేదు. ఇక్కడ మా రైతులు, కానిస్టేబుళ్ళు, పెళ్ళికొడుకులు అందరూ పడతారు, నిన్ను చూసేవాడెవడూ లేడు. టోపీ తల మీద ఎండే ఆపుతుంది, గొడుగు భుజాలకి కూడా నీడనిస్తుంది.

ఇంట్లో ఏసీ ఒక్కటే ఉంది, అది అమ్మకీ చెల్లెమ్మకీ పిల్లలకీ. మనిద్దరం డాబా మీదే, సాయంత్రం నీళ్ళు చల్లి ఉంచుతా. తేదీలు ఖాయం చేసి ఆదివారంలోపు ఫోన్ చెయ్, గండికోటలో రూము నేనే మాట్లాడతా, ఆ జనరేటర్ ప్రశ్న నువ్వు అడిగితే ఇంగ్లీషులో అడుగుతావు.

నీ
రమణ