మంత్రిగారూ, మా తమ్ముడికి 51 ఏళ్లే, కానీ ముసలివాడైపోయాడు

ఒడిశా ప్రభుత్వంలో దివ్యాంగుల సంగతి చూసే మంత్రిగారికి, ఆరోగ్య మంత్రిగారికి కూడా (ఇద్దరికీ ఎందుకంటే, ఈ శాఖ వాళ్లనడిగితే ఆ శాఖకు వెళ్లమంటున్నారు, ఆ శాఖకు వెళ్తే మళ్లీ ఇటే పంపుతున్నారు),

నమస్కారాలు.

అర్జీలు పెట్టి పెట్టి విసుగొచ్చి ఇలా నలుగురూ చూసేలా రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చినవి, బ్లాకు ఆఫీసులో ఇచ్చినవి, శిబిరానికి వచ్చిన ఆఫీసరుగారి చేతికే ఇచ్చిన కాగితం, వేటికీ ఉలుకూ పలుకూ లేదు. పథకాల గురించి మీకు నేను చెప్పేదేముంది, అవి మీవే. వాటిల్లో దేంట్లోనూ మా తమ్ముడు ఎందుకు పట్టడం లేదో అదే అడుగుతున్నాను.

వాడికి డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే ఉంటుంది, బుద్ధి ఎదుగుదల తక్కువ. మేం గజపతి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు ఆనుకునే ఉంటాం. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మా మావయ్య కిరాణా కొట్లో వాడు ఏళ్ల తరబడి పొట్లాలు కట్టాడు. పాత పేపరు చుట్టి, జీలకర్ర పోసి, పైన మడిచి, పురికొస రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవాడు. లెక్క రాదు, చదువు రాదు, కానీ వాడు కట్టిన పొట్లం విప్పాలంటే కత్తెర కావాల్సిందే. కొంతకాలంగా ఆ పురికొస చేత్తో పట్టుకుని అలా నిలబడిపోతున్నాడు. మెట్టు దిగాలంటే ముందు కాలితో తడుముతాడు. వాకిట్లో నల్ల పట్టా వేస్తే దాని మీద అడుగు పెట్టడు, అక్కడ గొయ్యి ఉందనుకుంటున్నాడు. అర్ధరాత్రి లేచి కొట్టు తియ్యాలని చొక్కా తొడుక్కుంటాడు. ఒకరోజు మా అమ్మనే పట్టుకుని నువ్వెవరు అన్నాడు. "ఏటే, వీడు నన్ను పోల్చుకోట్లేదు" అని ఆవిడ నవ్వేసింది గానీ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఆవిడకు 78.

ఇవన్నీ డాక్టర్లకు చెబితే వచ్చే జవాబు ఒక్కటే: "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా." పిల్లలట! తల ముగ్గుబుట్టయి, సగం పళ్లూడి, కళ్లకు శుక్లాలొచ్చిన మనిషిని పట్టుకుని పిల్లలంటారు. పోనీ పిల్లాడనే అనుకుని పిల్లల డాక్టరు చూస్తాడా అంటే, పెద్దవాడు కదా ఇక్కడికెందుకు తెచ్చారంటాడు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువుంటుందని 1959లోనే తెలిసింది. అల్జీమర్స్‌కు కారణమయ్యే ప్రొటీన్ తయారుచేసే జన్యువు ఆ క్రోమోజోమ్ మీదే ఉంది, అందుకే నలభై దాటేసరికి దాదాపు వాళ్లందరి మెదళ్లలోనూ ఆ మార్పులు కనబడతాయి, యాభైల్లో మతిమరుపు మొదలవుతుంది. థైరాయిడ్ తగ్గడం, వినికిడి పోవడం, శుక్లాలు, పెద్దయ్యాక కొత్తగా ఫిట్స్ రావడం, ఇవీ వాళ్లకు మామూలు కంటే ముందే వస్తాయి. ఇదంతా డాక్టర్లకు తెలీదని నేననను, తెలిసే ఉంటుంది, వాడి ముఖం చూడగానే మర్చిపోతారు. వీటిలో కొన్నిటికి మందుంది కదా సార్. థైరాయిడ్ తగ్గినా మనిషి మందకొడిగా, మతిలేనట్టు అయిపోతాడు, రోజుకో చిన్న బిళ్లతో కుదుటపడతాడు. ఆ రక్తపరీక్ష చేయించండి అని రోగి అక్కే డాక్టరును బతిమాలుకోవాల్సి వచ్చింది. చేయిస్తే థైరాయిడ్ ఉందని తేలింది. బిళ్ల వేశాక కొంచెం చురుకొచ్చింది, కొంచెమే, మిగతాది మిగతాదే.

పన్ను సంగతి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. నేను చెప్పాలనుకున్నదంతా దాంట్లోనే ఉంది.

వాడు ఉన్నట్టుండి అన్నం మానేశాడు. చెంప మీద వాడే కొట్టుకోవడం, స్నానానికి లాగితే తిరగబడటం, ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యి ఎత్తనివాడు అమ్మ మీద ఎత్తాడు. సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం (పేరు రాయను, అక్కడి నర్సమ్మలు మంచివాళ్లు, వాళ్లకు మాట రావడం నాకిష్టం లేదు). నోరు తెరిచి చూసినవాళ్లు లేరు. "బిహేవియర్ ప్రాబ్లం" అని రాసి మత్తు బిళ్లలిచ్చారు. ఆ బిళ్లలకు పగలంతా తూలుతూ, నోట్లోంచి చొంగ కారుస్తూ ఒక మూల కూర్చునేవాడు, గోల తగ్గిందని మాకూ కాస్త హాయిగా ఉండేది, నిజమే చెబుతున్నాను. తర్వాత బాత్రూంలో పడి నుదురు చిట్లింది. కుట్లు వేయడానికి వచ్చిన కాంపౌండరు వాసన పట్టి చెప్పాడు, "అమ్మా, నోరు చూపించారా?" అని. దవడ పన్ను లోపల కుళ్లి చీము పట్టి ఉంది.

సరే, తీయించుదాం. పళ్ల డాక్టరు, కుర్చీలో కుదురుగా కూర్చోడు కాబట్టి పూర్తి మత్తు ఇచ్చి తీయాలన్నారు. మత్తు డాక్టరు, గుండె ఎకో కావాలి, వీళ్లకు మెడ ఎముకలు వదులుగా ఉంటాయి గనక మెడ ఎక్స్‌రే కూడా కావాలన్నారు. ఇందులో తప్పేం లేదు, జాగ్రత్తపడ్డారు, ఆయనకు దండం పెడతాను. కానీ ఎకో ఒక ఊళ్లో, ఎక్స్‌రే ఇంకో రోజు, బర్హంపురం తీసుకెళ్తే బస్సు దిగనని వాడు, దించకపోతే కదలనని డ్రైవరు. అన్నీ అయ్యాక సంతకం దగ్గర ఆగింది. పద్దెనిమిది దాటాక కన్నతల్లైనా చట్టం ప్రకారం సంరక్షకురాలు కాదట, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరుగారు అధ్యక్షులుగా ఉండే లోకల్ లెవెల్ కమిటీ కాగితం ఇవ్వాలట. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందంటే, కూర్చున్నప్పుడు చెబుతామన్నారు. అన్నాళ్లూ వాడు ఆ పన్నుతోనే ఉన్నాడు సార్. నొప్పి అని చెప్పడం కూడా రాదు వాడికి, చెంప మీద కొట్టుకోవడమే వచ్చు.

చివరికి నా గాజులు తాకట్టు పెట్టి సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలో ప్రైవేటులో తీయించాం. మూడో రోజుకు పెరుగన్నం అడిగి తిన్నాడు, ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. బిహేవియర్ ప్రాబ్లం మొత్తం ఆ పన్నుతోనే పోయింది.

ఇన్సూరెన్సు లేదా అంటారేమో. నిరామయ ఉంది, ఏడాదికి లక్ష దాకా. కాకపోతే ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలి, కట్టడానికి ఉన్నవాళ్లకే అది ఇన్సూరెన్సు. ఆయుష్మాన్ కార్డు మంచం మీద చేర్చుకుంటేనే పనిచేస్తుంది. మా వాడికి కావల్సినవి ఓపీలో చూడటం, పరీక్షలు, నెలనెలా మందులు, ఇంట్లో చూసుకునే మనిషి. వాటికి కార్డు లేదు. మేం వెళ్లిన ఆంధ్రా ఆసుపత్రిలో ఆ రాష్ట్రం కార్డు అడిగారు, మా దగ్గర అది లేదు.

వయసు లెక్క చూడండి ఇంకా. పుట్టినప్పట్నుంచి 18 దాకా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, స్కూలుకొచ్చి మరీ చూస్తారు. 60 వస్తే వృద్ధుల కార్యక్రమం, 70 దాటితే ఆయుష్మాన్ వాళ్ల వయ వందన కార్డు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు మంచి వైద్యం ఉన్న దేశాల్లోనే సగటున అరవై ఏళ్ల దాకా బతుకుతున్నారు. అంటే మా వాడు ముసలివాడని మీరు ఒప్పుకునేసరికి వాడు ఉండడు. వయ వందన అమ్మకుంది. అమ్మ కార్డు మీద వాణ్ణి చూపించొచ్చా అని ఒకాయన్ని అడిగితే నవ్వాడు.

పింఛను విషయం తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. 2025లో మన రాష్ట్రం ఇచ్చే మధుబాబు పింఛను 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు 3,500 చేశారు. సంతోషం. మా తమ్ముడి సర్టిఫికెట్ మీద 75 శాతం ఉంది. ఎందుకు 75? మేధో వైకల్యానికి పట్టిక అలా ఉంది గనక: స్వల్పానికి 50, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100. చూశారా, 75 తర్వాత 90 ఉంది, మధ్యలో 80 అనే మెట్టే లేదు. ఎవరో ఏసీ గదిలో కూర్చుని 80 అని గీత గీసేటప్పుడు ఈ పట్టిక ఒక్కసారి తిరగేసి ఉంటే బాగుండేది. మధ్యస్థం అని రాసిన ప్రతి మనిషీ, వాడికి మతిమరుపు వచ్చినా, చూపు పోయినా, పక్క తడుపుకున్నా, కాగితం మీద 75 దగ్గరే ఉంటాడు, ఎందుకంటే దాని మీద "శాశ్వతం" అని ముద్ర ఉంది. మళ్లీ పరీక్ష చేయండి, ఇప్పుడు వాడి పరిస్థితి వేరు అంటే, శాశ్వతం అంటే శాశ్వతమే కదమ్మా అన్నారు. మహేంద్రతనయ నదికి అటు ఆంధ్రాలో దివ్యాంగులకు నెలకు 6,000, పూర్తిగా మంచాన పడితే 15,000 ఇస్తున్నారు. ఇటు మా వాడికి వెయ్యీ పన్నెండొందలు. ఆ రాష్ట్రంతో పోల్చొద్దని మీ వాళ్లు కోప్పడతారు. పోల్చకుండా ఎలా ఉంటాం, మా మేనత్త ఇల్లు అక్కడే.

ఎలాగో తంటాలు పడి మతిమరుపు పరీక్షకు పంపించుకున్నాం. ఈ రోజు ఏ వారం, మన ముఖ్యమంత్రి ఎవరు, గడియారం బొమ్మ గీయి. అదీ ఒడియాలో. మా వాడికి ఒడియా రాదు, వచ్చినా ఏ వారమో వాడికి పుట్టినప్పట్నుంచి తెలీదు, గడియారం జన్మలో గీయలేదు. సున్నా వచ్చింది. సున్నా చూసి, మొదట్నుంచీ ఇలాగే కదా, కొత్తగా ఏం పోయినట్టు అన్నారు. పోయింది పొట్లం కట్టడం సార్. పోయింది అమ్మ ముఖం. ఇలాంటివాళ్లకు అందరికిచ్చే ప్రశ్నలు పనికిరావని, ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఇదివరకు ఏం చేసేవాడు, ఇప్పుడేం చేయలేకపోతున్నాడు అని అడగాలని నేను చదివి తెలుసుకున్నాను, నేను చదివింది ఇంటర్.

ఇక శిబిరం. టెంటు, మైకు, ఫోటోలు. మా తమ్ముడికి ట్రైసైకిల్ ఇస్తామన్నారు. నడుస్తాడు సార్ అంటే, మరి ఇక్కడికెందుకొచ్చారు అన్నారు. నెల తిరక్కుండా మానసిక వైద్యుల్ని పంపుతామని మైకులో చెప్పిన పెద్దమనిషి ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయారు, ఆ మాట కూడా ఆయనతోనే ట్రాన్స్‌ఫరైనట్టుంది.

అయ్యా, 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్లో దగ్గర్లోనే ఉచిత వైద్యం, ముఖ్యంగా పల్లెల్లో, చూడటంలోనూ చికిత్సలోనూ ముందు ప్రాధాన్యం అని ఉంది. మేమడిగేది కొత్తదేం కాదు. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో నెలకు ఒక్క రోజైనా పెద్దయిన మేధో వికలాంగులను చూసే ఓపీ పెట్టండి, రక్తం, కళ్లు, చెవులు, పళ్లు అక్కడే చూడనివ్వండి. నలభై రాగానే ఆ మనిషి ఏమేం చేయగలడో ఒక కాగితం మీద రాసి ఉంచండి, రేపు ఏం పోయిందో తెలుస్తుంది. తెలుగు తెలిసినవాళ్లనో, కనీసం మాట అందించేవాళ్లనో కూర్చోబెట్టండి. ఆ 80ని 75 చేయండి, కలం పోటు పని. కమిటీ తేదీ ముందే గోడకు అంటించండి. అమ్మ తర్వాత నేను, నాకూ మోకాళ్ల నొప్పులు, నా తర్వాత ఎవరన్నది అడిగితే ఇలాంటివాళ్లను జీవితాంతం ఉంచుకుని చూసే ఇల్లు, ఘరౌందా అనే పథకం ఉందని చెబుతారు. మా జిల్లాలో ఆ ఇల్లు ఎక్కడుందో అడ్రసు ఇస్తే వెళ్లి చూసొస్తాం.

ఇంకా రాస్తే తిట్టినట్టు ఉంటుంది. ఓపీ సంగతి మాత్రం చూడండి, దయచేసి చూడండి.

సర్టిఫికెట్, రక్తపరీక్ష, ఎకో, పంటి ఆసుపత్రి బిల్లు జిరాక్సులు జతచేస్తున్నాను. ఈ ఉత్తరమే ఒడియాలో రాయించి ఇదివరకే రిజిస్టరు పోస్టులో పంపాను, అందినట్టు సంతకం పెట్టిన కార్డు నా దగ్గరుంది. కాబట్టి తెలుగు చదవడం రాదనడానికి లేదు, ఆ కాపీ మీ ఆఫీసులోనే ఎక్కడో ఉంటుంది, వెతికించండి.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక అప్ప