మన అధ్యయన సంఘం వార్షిక నివేదిక: 2025–26

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం ముందు ఏడాది పనిని ఉంచాలన్న నియమావళి ప్రకారం ఈ నివేదిక సమర్పిస్తున్నాను. వ్యాపార సమాచార వ్యవస్థల (బిల్లులు, ఖాతాలు, సరుకు లెక్కల వంటివి నడిపే కంప్యూటరు వ్యవస్థల) ప్రణాళికను, అవి తొలి ఆలోచన నుంచి వాడకం దాకా ఏ దశల్లో సాగాలో చెప్పే జీవితచక్ర నమూనాలను ఈ ఏటి అధ్యయనాంశంగా మనమే ఎంచుకున్నాం కనుక నెలవారీ సమావేశాలన్నీ దాని చుట్టూనే సాగాయి. పన్నెండింటిలో తొమ్మిది జరిగాయి. మిగిలిన మూడింటిలో రెండు హాలు దొరక్క ఆగిపోయాయి. మనం పెట్టిన అర్జీ ఒక కార్యాలయంలో టేబులు నుంచి టేబులుకు తిరిగి తిరిగి, సమావేశం తేదీ దాటిపోయాక మంజూరై వచ్చింది. ఆ కాగితాన్ని ఫైలులో భద్రపరిచాను, చూడదలచినవారు చూడవచ్చు.

మొదటి సమావేశంలో పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థలు కట్టడం గురించి అమెరికన్ ఇంజనీరు విన్‌స్టన్ రాయిస్ 1970లో రాసిన వ్యాసాన్ని ఆసాంతం చదివించాం. అవసరాలు, విశ్లేషణ, రూపకల్పన, కోడింగ్, పరీక్ష, నిర్వహణ అంటూ మెట్లు దిగే బొమ్మను పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనలో చాలామంది. అయితే ఆలోచన మంచిదే గానీ ఉన్నదున్నట్టు అమలుచేస్తే ప్రమాదమని ఆయనే రాశారనీ, మునుపెన్నడూ కట్టని వ్యవస్థయితే ముందొకసారి చిన్నగా కట్టి చూసి ఆ తర్వాతే అసలుది కట్టమన్నారనీ, ఆ మెట్ల బొమ్మకు మనం వాడే వాటర్‌ఫాల్ (జలపాతం) అన్న మాట ఆ వ్యాసంలో ఎక్కడా లేదనీ తెలిశాక సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాతి నెలల్లో ప్రతి చుట్టులోనూ ముందు ప్రమాదాన్ని తూచమనే బ్యారీ బోమ్ స్పైరల్ నమూనా (1988), కొద్దికొద్దిగా కట్టి చూపిస్తూ మార్చుకుంటూ పోవాలంటూ అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాసిన 2001 నాటి ఎజైల్ ప్రకటన చర్చకు వచ్చాయి. మెట్ల పద్ధతా, మళ్లీ మళ్లీ కట్టి చూసే పద్ధతా అని పెద్దలు ఒక పక్షం, కుర్రవాళ్లు ఒక పక్షం అయ్యి వాదించుకున్నారు. నా మటుకు నాకు ఆ వాదన సగం వృథా అనిపించింది. జీఎస్టీ రిటర్నులో ఏ గడిలో ఏముండాలో చట్టమే చెబుతుంది కాబట్టి ఆ భాగాన్ని మెట్లు దిగినట్టే కట్టవచ్చు. అదే కొట్టులో అరువు ఖాతా ఎలా నడుస్తుందో యజమాని కూడా ఒక్క మాటలో చెప్పలేడు కాబట్టి, దానికి ఒక మచ్చు చేసి చూపించి తిట్లు తిని మళ్లీ చేయడం తప్ప దారి లేదు.

ప్రణాళిక గురించి జరిగిన రెండు సమావేశాలకు హాజరు పలుచగా ఉన్నా, సరుకు మాత్రం వాటిలోనే ఉంది. విభాగాలను బట్టి కాక, వ్యాపారంలో జరిగే పనులను, వాటికి కావలసిన సమాచారాన్ని బట్టి మొదలుపెట్టాలనే ఐబీఎం వారి ప్రణాళికా పద్ధతిని ఒకనాడు చూశాం. రెండోనాడు మన రిజిస్ట్రేషన్ శాఖలో దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటరు మీదికి తెచ్చిన, 1998లో వచ్చిన కార్డ్ వ్యవస్థను తీసుకున్నాం. పాత దస్తావేజుల వివరాలను ఎన్నేళ్ల వెనక్కి కంప్యూటరులో ఎక్కించాలన్నది ప్రణాళిక దశలోనే తేల్చుకోవలసిన విషయం. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కోసం వెళ్లినవారికి నేటికీ 1983 నుంచి వివరాలు కంప్యూటరులో దొరకడం, అంతకు ముందువాటికి పాత పుస్తకాలు తిరగేయవలసి రావడం అందరికీ అనుభవమే.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగిన పని విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టుకు సరుకు, బిల్లు, అరువు ఖాతాలు మూడూ కలిపి నడిచే వ్యవస్థను కట్టి ఇవ్వడం. అంతకుముందు అక్కడ బిల్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఖాతాలు మరొక దానిలో, గోడౌను లెక్క గుమస్తాగారి నోటుపుస్తకంలో ఉండేవి. మన రూపకల్పన బృందం మొదట తెచ్చిన పట్టికలో బియ్యం దగ్గర ‘బస్తా’ అని ఒక్కటే గడి ఉంది. ముప్పై ఏళ్లుగా చిట్టా రాస్తున్న ఆ గుమస్తాగారు కళ్లజోడు పైకెత్తి, “ఏ బస్తా అండీ?” అన్నారు. ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల వరకు ఉన్న బియ్యానికి 2022 జూలై నుంచి 5 శాతం పన్ను పడింది కాబట్టి మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు వస్తున్నాయి, పాత 50 కిలోలవీ వస్తున్నాయి. బస్తా మారితే తూకంతో పాటు పన్నూ మారుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో మూడు పట్టికలు మళ్లీ గీయవలసి వచ్చింది. కోడింగ్ మొదలుపెట్టకముందే అడిగారు కాబట్టి ఒక ఆదివారంతో పోయింది.

ఆగస్టు నెలంతా చిట్టా, కంప్యూటరు పక్కపక్కనే నడిపించాం. రోజూ రాత్రి మొత్తాలు కలవకపోతే తప్పెక్కడుందోనని రెండు వారాలు వెతికాం. చివరి లారీ దిగేసరికి పన్నెండు దాటినా కొట్టులో దాన్ని ఆ రోజు కిందే రాస్తారు, కంప్యూటరు మాత్రం తేదీ మార్చేస్తోంది. రోజు ఎప్పుడు ముగిసిందో యజమానే ఒక బటను నొక్కి చెప్పేలా మార్చాక మొత్తాలు కలిశాయి.

నవరాత్రులు మొదలైన సెప్టెంబరు 22నే జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న 12 నుంచి 5 శాతానికి తగ్గాయి. రేటును ప్రోగ్రాములో రాయకుండా విడి పట్టికలో, ఏ తేదీ నుంచి వర్తిస్తుందో సహా ఉంచాలని మన ఉపాధ్యక్షులు జూలైలో పట్టుబట్టినప్పుడు విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ని. ముందు రాత్రి అరగంటలో రేట్లు మార్చి ఇళ్లకు వెళ్లాం. పాత బిల్లు మీద వెనక్కి వచ్చిన సరుకుకు పాత రేటే తీసుకోవడం చూశాక ఆయనకు క్షమాపణ చెప్పాను, ఇక్కడ కూడా చెబుతున్నాను.

ఈ పనికి పేర్లిచ్చినవారు పధ్నాలుగు మంది. కోడింగ్ రోజుల్లో కుర్చీలు చాలలేదు గానీ, గుమస్తాగారి పక్కన కూర్చుని అడిగి రాసుకోవలసిన రోజుల్లో వచ్చినవారు నలుగురే. వాడుక పుస్తకం రాస్తామన్న ఇద్దరు సభ్యుల నుంచి నాకు ఇప్పటికీ ఒక్క పేజీ రాలేదు. కొట్టులో కొత్తగా చేరిన కుర్రవాడు ప్రతి సందేహానికీ నాకే ఫోను చేస్తున్నాడు. నిర్వహణ కూడా జీవితచక్రంలో దశేనని సభలో అందరం ఒప్పుకున్నాం కాబట్టి, నెలకొకరు చొప్పున ఆ బాధ్యత తీసుకోవడానికి ఈ సమావేశంలోనే పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరుగారి సంతకంతో విడిగా అందజేశాం. చందా బకాయిలున్నవారికి వారి వారి మొత్తాలు తెలుసు.

తన కొట్టునే మనకు పాఠశాలగా ఇచ్చిన యజమానిగారికి, ఓపికకు మారుపేరైన గుమస్తాగారికి, ఆగస్టులో రాత్రుళ్లు లెక్కలు సరిచూసిన ముగ్గురు విద్యార్థులకు, హాలు లేనప్పుడు తమ ఇంటి మేడ మీద సమావేశం జరిపించి అందరికీ ఉప్మా, కాఫీ పెట్టిన కోశాధికారి దంపతులకు, ప్రొజెక్టరు మోసుకొచ్చిన సంయుక్త కార్యదర్శికి సంఘం తరఫున కృతజ్ఞతలు. వచ్చే ఏడాది అధ్యయనాంశం, కొత్త కార్యవర్గం ఎన్నిక ఈనాటి ఎజెండాలో 4, 5 అంశాలుగా ఉన్నాయి. కార్యదర్శి పదవికి నా పేరు మళ్లీ ప్రతిపాదించవద్దని మనవి.

ఇట్లు,
కార్యదర్శి