యంత్రాలు సరే, నొప్పి ఎలా ఉందని అడిగేదెవరు?

సంపాదకుడు గారికి,

నగరంలోని ఒక ఆస్పత్రికి కొత్త ఫిజియోథెరపీ యంత్రాలు వచ్చాయని గత వారం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. సంతోషమే. కానీ అక్కడికి వెళ్లివచ్చిన వాళ్లను ఒక్కరినైనా అడిగి రాయాల్సింది.

మా ఇంటావిడకు షుగర్ ఉంది, భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇది మొదలైన కొత్తలో రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటుంది. అప్పుడు ఓర్చుకోగలిగినంత వరకే చేతిని మెల్లగా కదపాలి, ఆ నొప్పి తగ్గి బిగుతు మిగిలాకే సాగదీత పెంచాలి. మోకాలు మార్పిడి చేయించుకున్న వాళ్లకు లెక్క వేరు. నొప్పి అని మొదటి వారాల్లో మడవకపోతే కాలు అలాగే బిగుసుకుపోతుంది, ధైర్యం చెప్పి చేయించాలి. అక్కడ మాత్రం అందరికీ కాసేపు కరెంటు పెట్టడం, అక్షరాలు అలుక్కుపోయిన జిరాక్స్ కాగితం ఒకటి చేతిలో పెట్టడం. గోడ మీద వేళ్లు పాకించడం ఇరవై సార్లు అని అందులో ఉంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని చేసింది. ‘నొప్పి లేకుండ తగ్గుతదా అమ్మా’ అన్నారు చేయించేవాళ్లు. ఆ రాత్రి పక్క మీద ఒరగలేకపోయింది. మర్నాటి నుంచి ఫిజియోథెరపీ మాటెత్తితేనే భయపడుతోంది. అలా భయపడి కదలడం మానేస్తేనే కీలు ఇంకా బిగుసుకుంటుంది కదా!

పక్క బల్ల మీద నర్సంపేట వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన. పత్తి ఏరి ఏరి నడుము పోయింది. ఎంత నొప్పి లేచినా ‘ఏం గాదు సార్’ అంటాడు. ఏడ్చేవాళ్లను నాజూకు అంటారు, ఏడవని వాళ్లకు బరువు పెంచుతారు. ఇద్దరికీ అన్యాయమే. నొప్పి ఎవరికి వారి అనుభవమనీ, రోగి చెప్పే మాటను గౌరవించాలనీ నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనం సవరించినప్పుడు స్పష్టంగా రాసుకుంది. సున్నా నుంచి పది వరకు ఎంత ఉందని అడగడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. చేశాక లేచిన నొప్పి తెల్లారేసరికి సర్దుకుందా, రాత్రంతా నిలిచిందా అని అడిగి, దాన్ని బట్టి మర్నాడు ఇరవై చేయించాలో ఐదుతో ఆపాలో చూడాలి.

అక్కడ పనిచేసే పిల్లలను తప్పుపట్టడం లేదు. బయట అంత క్యూ ఉంటే ఎవరిని కూర్చోబెట్టి మాట్లాడతారు? మనుషులను పెంచాల్సింది పైవాళ్లు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలు చేశారు, మంచిదే. ఆపరేషన్ తర్వాత ఆ కాలు నడిచేదాకా చూడాల్సిన బాధ్యత ఎవరిది? వరంగల్ 2016లోనే స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. కాజీపేట నుంచి ఆటోలో ఆ గుంతలు దాటి వచ్చేసరికే నడుము నొప్పి రెట్టింపవుతోంది. దిగాక ర్యాంపు లేదు, మెట్లు.

ముందు ఆ జిరాక్స్ కాగితాలు ఆపి, ప్రతి రోగికి ఒక చీటీ పెట్టాలి. నిన్న ఏం చేయించారు, రాత్రి నొప్పి ఎంత, ఈ రోజు ఎంత చేయించాలి అని అందులో రాయాలి. ఈసారి మీ విలేకరి వెళ్లినప్పుడు ఒక్కో రోగితో ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నారో సూపరింటెండెంట్ గారిని అడిగి, ఆ జవాబు అదే పేజీలో వేయాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ