మందు అలవాటుందా అని అడిగేముందు మమ్మల్ని బయటికి పంపండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆమధ్య మా నాన్న బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. డ్యూటీ డాక్టరు వచ్చి షుగరుందా, బీపీ ఉందా అని అడుగుతూ అదే ఊపులో మందు అలవాటుందా అన్నాడు. మంచం చుట్టూ అమ్మ, నేను, నా భార్య, మా మేనత్త అందరం ఉన్నాం. నాన్న ఒక్కసారి కోడలి వైపు చూసి "అబ్బే, ఎప్పుడో పెళ్ళిళ్ళలో" అన్నాడు. డాక్టరు లేదు అని రాసుకుని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ బానే జరిగింది, కానీ చేరిన మూడో రోజు రాత్రి చేతులు ఒకటే వణుకు, ఒళ్ళంతా చెమటలు, దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకోవడం, సెలైన్ పీకేసుకుని బస్సు వెళ్ళిపోతోంది దించండి అని కేకలు. పెద్ద వయసు కదా, మత్తు దిగలేదేమో అనుకుంటూ మేం అలా చూస్తూ నిలబడ్డాం. చివరికి వార్డుబాయ్ చెప్పాడు, "సార్, పెద్దాయన రోజూ క్వార్టర్ పడితేగానీ పడుకోడంట, చేరిన రోజు రాత్రే నాతో అన్నాడు" అని.

రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుందని, ఫిట్స్ కూడా రావచ్చని, ప్రాణం మీదికి కూడా వస్తుందని, ముందే తెలిస్తే మందులు మొదలుపెట్టి చాలావరకు ఆపొచ్చని పెద్ద డాక్టరు అప్పుడు చెప్పారు.

మా నాన్న అబద్ధాలకోరు కాదండి. అప్పుడే పరిచయమైన కుర్రాడికి అడక్కుండానే నిజం చెప్పిన మనిషి, కోడలి ముందు చెప్పలేకపోయాడు అంతే. పరువు పోతుందనుకున్నాడు. ఆ కుర్రాడి దగ్గర ఆయనకి పోయే పరువేం లేదు.

ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి మాట మారుతుందని చట్టానికి ఎప్పుడో తెలుసు. నిందితుడు పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా ఆ మాట కోర్టులో అతని మీద రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంచారు. అక్కడ భయంతో చెయ్యనిది కూడా చేశానంటారు, ఇక్కడ సిగ్గుతో చేసింది లేదంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఇంట్లో భర్త కొడుతున్నాడా లాంటి ప్రశ్నలు ఆడవాళ్ళని ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, పక్కన ఇంకెవరూ లేకుండా కుదరకపోతే ఆ ప్రశ్నలే వదిలెయ్యాలి. సర్వేకి తీసుకునే ఆ జాగ్రత్త ఆపరేషన్ చేసే చోట ఎందుకు లేదు?

డాక్టర్లకి తీరికుండదు, ఒప్పుకుంటా. కానీ "మీరంతా రెండు నిమిషాలు బయట ఉండండి" అనడానికి ఎంతసేపు పడుతుంది. మనం పోకపోతే గట్టిగా చెప్పి పంపాలి, ఎందుకంటే డాక్టరు పేషెంటుని అడిగితే తనకంటే ముందు మనమే జవాబు చెప్పేస్తాం, ఆరోజు మా మేనత్త కూడా "మా అన్నయ్యకి అలాంటివేం లేవండీ" అనేసింది. అడిగే తీరు కూడా చూసుకోవాలి, "అలవాటు లేదుగా" అంటే ఎవరైనా లేదనే అంటారు, రోజుకి ఎంత తీసుకుంటారు, చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు అని మామూలుగా అడగండి. ఆసుపత్రులవాళ్ళు చేర్చుకునే ఫారంలోనే 'పేషెంటుని ఒంటరిగా అడిగారా' అని ఒక లైను పెట్టమని మీ పేపరు ద్వారా కోరుతున్నా.

నాన్న ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నాడు. పోయిన వారం చెకప్‌కి తీసుకెళ్ళి తలుపు దగ్గరే ఆగిపోయా, లోపల పావుగంట మాట్లాడి వచ్చాడు, ఏం చెప్పావు నాన్నా అని నేను అడగలేదు.

ఇట్లు
ఒక పాఠకుడు