ఐదు వందలు ఆగితే ఐదు వేలూ ఆగుతాయి

సంపాదకులకు,

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద కొత్త ఊరికి బయల్దేరే పిల్లలు, వాళ్లను పంపే కళాశాలలు ముందుగా చూసుకోవాల్సింది బ్యాంకు ఖాతా సంగతి. స్టైపెండ్ పడలేదన్న ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది అదే.

2024 అక్టోబరులో పైలట్‌గా మొదలైనప్పటి నిబంధనల ప్రకారం నెలకు 5,000 రూపాయలు ఇస్తారు. అందులో 500 కంపెనీ వాటా, 4,500 కేంద్రం నేరుగా ఖాతాలో వేసేది. ఇవిగాక చేరాక ఒక్కసారి 6,000. హాజరు, ప్రవర్తన చూసి కంపెనీ తన 500 చెల్లించాకే కేంద్రం తన 4,500 విడుదల చేస్తుంది. ఈ మెలిక చాలామందికి తెలియదు. హెచ్‌ఆర్‌లో ఎవరో అంత చిన్న మొత్తమే కదా అని వచ్చే నెలకు నెట్టేస్తే పెద్ద మొత్తం కూడా అక్కడే నిలిచిపోతుంది. కాబట్టి చేరిన వారంలోనే మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: హాజరు ఎవరు ఎక్కిస్తారు, ఏ తేదీకి ముగిస్తారు, కంపెనీ వాటా ఏ రోజు వేస్తారు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక సీడింగ్, అంటే నగదు బదిలీ కోసం ఆధార్‌ను బ్యాంకు ఖాతాకు ముడిపెట్టడం. ఖాతాకు ఆధార్ ఇచ్చేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు పరిశీలన) కోసం ఇచ్చిన ఆధార్ వేరు, నగదు బదిలీ కోసం ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పంపాలో చూపే జాబితాలో, ఎక్కాల్సిన ఆధార్ వేరు. ఒక ఆధార్ నంబరుకు మ్యాపర్‌లో ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా సీడింగ్ చేసిన బ్యాంకుకే డబ్బు పోతుంది. కొత్త ఊళ్లో కంపెనీ చెప్పిందని ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి, ఫారంలో నగదు బదిలీకి సంబంధించిన గడిలో చదవకుండా టిక్కు పెట్టారంటే స్టైపెండే కాదు, రావాల్సిన స్కాలర్‌షిప్ కూడా అటే మళ్లుతుంది. పాత ఖాతాలో ఎంత వెతికినా దొరకదు. మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుంది. ఖాతా నంబరు మాత్రం కనిపించదు కనుక ఒకే బ్యాంకులో రెండు ఖాతాలున్నవాళ్లు బ్రాంచిలో అడిగి తేల్చుకోవాలి. ఓటీపీ వచ్చేది ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకే. ఆ సిమ్ నాన్న దగ్గర ఇంట్లో ఉండిపోయినా, రీఛార్జి లేక ఆగిపోయినా ఏమీ చూడలేరు.

బడి రోజుల్లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా రెండేళ్లు లావాదేవీలు లేక ఇనాపరేటివ్ (వాడకంలో లేని ఖాతా) అయి ఉంటే, డబ్బు తీసుకోవాలంటే మళ్లీ కేవైసీ చేయించాలి. మన దగ్గర ఇంకో తలనొప్పి ఇంటిపేరు. పాస్‌బుక్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే బ్యాంకు అభ్యంతరం చెప్పవచ్చు. ఇవన్నీ ఊరు విడవకముందు, తెలిసిన బ్రాంచిలో తేలిగ్గా అయ్యే పనులు. అక్కడికి వెళ్లాక ఒక్కోదానికి ఒక్కో రోజు సెలవు పెట్టాలి, హాజరు తగ్గితే మళ్లీ ఆ 500 దగ్గరికే వస్తాం.

బస విషయానికొస్తే, ఆఫర్‌లో ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నడిబొడ్డున హాస్టల్ చూసుకోవద్దు. ప్లాంటు పారిశ్రామికవాడలో ఎంతో దూరాన ఉండవచ్చు. యూనిట్ పిన్‌కోడ్, షిఫ్టు వేళలు, కంపెనీ బస్సు ఆగే చోటు తెలిశాకే అడ్వాన్స్ కట్టాలి. అంతవరకు రోజు లెక్కన ఉండటం మేలు. అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో రసీదు మీదే రాయించుకోవాలి. మొదటి స్టైపెండ్ నెల నిండాకే గనుక, ఇంట్లోంచి కనీసం రెండు నెలల ఖర్చు పట్టుకెళ్లక తప్పదు. ఆదాయం తక్కువున్న కుటుంబాల కోసమే పెట్టిన పథకంలో ఇది పెద్ద లోపం.

ఖర్చంతా చేరకముందే పడుతుంటే, 6,000 చేరాక ఇవ్వడంలో అర్థం లేదు. ఆఫర్ అంగీకరించి, సీడింగ్ సరిపోయిందని తేలిన వెంటనే సగమైనా విడుదల చేయాలి. కేంద్రం తన 4,500ను కంపెనీ చెల్లింపుతో ముడిపెట్టకుండా హాజరు ఆధారంగా వేయాలి. కళాశాలల ప్లేస్‌మెంట్ విభాగాలు ఆఫర్ వచ్చిన ప్రతి విద్యార్థి సీడింగ్ స్టేటస్‌ను ప్రయాణానికి ముందే తీయించి చూడాలి.

- ఒక ప్లేస్‌మెంట్ అధికారి, ఖమ్మం